దొడ్డవరము ఆడపడుచు



ఒంగోలునకు సమీపమున, మద్దిపాడు ప్రాంతమున, దొడ్డవరమను గ్రామము కలదు. ఆ చుట్టుపట్ల నల్లరేగడి భూములలో ప్రత్తి, మిరప, పొగాకు పండును. నేను గుంటూరు, ప్రకాశము జిల్లాల పాఠశాలలలో ముప్పదియైదేండ్లు తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. మా వైపున పెండ్లి ముహూర్తమును పంచాంగము కాదు, మిరపధర నిర్ణయించునని పరిహాసముగా చెప్పుకొందురు. అందు పరిహాసము కొంతయే. గుంటూరు యార్డులో ధర పలికిన యేడు కట్నము పెరుగును. పలుకని యేడు పొలము తరుగును. సినిమానటి జీవితమును చెప్పబూని మిరపధరతో ఆరంభించితినేమని మీరు శంకింపవచ్చును. వినగా వినగా కారణము తెలియును.

నేటి నా ప్రసంగమునకు నాయిక శ్రీమతి భానుమతీ రామకృష్ణగారు. ఆమె 1925వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన ఆ దొడ్డవరమున జన్మించినది. అప్పటికి ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలోనిదే; ప్రత్యేకమైన జిల్లా 1970లో గాని ఏర్పడలేదు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు, తల్లి సరస్వతమ్మగారు. తండ్రి సంగీతాభిమాని. కొమార్తె గొంతులోని గుణమును శైశవముననే కనిపెట్టి, ఇంట కూర్చుండబెట్టి సంగీతము నేర్పించినాడు.

పంచకావ్యములు చదివి భాషాప్రవీణ పరీక్ష నిచ్చినవాడు నటీమణి చరిత్రమును చెప్పుటయా అని మా గురువుగారు బ్రదికియున్నచో నన్ను కోపగించెడివారే. ఆయన సినిమాకొట్టము ముందు నడువవలసి వచ్చినపుడు గొడుగు అటువైపునకు వాల్చెడివారు. భరతముని శాస్త్రమును నోటికి అప్పగింపగల ఆ మహానుభావునకు నాట్యము గ్రంథమున నున్నంతవరకే పూజ్యము.

ఆ కాలపు తీరే అట్టిది. మా తాతగారి నాటి నాటకములలో, సురభివారివంటి కుటుంబసమాజములలో తప్ప, ఆడువేషములను మగవారే కట్టుచుండిరి. 1902లో మా బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చింతామణిగా, రోషనారగా రంగమునెక్కినచో ఇల్లాండ్రు ఆయన కట్టిన చీరను, నడచిన నడకను చూచి నేర్చుకొనిరట. ఆయనకు 1956లో పద్మశ్రీ బిరుదము వచ్చినది, అది న్యాయమే. కాని కులస్త్రీ యొకతె తన వేషమును తానే కట్టెదననినచో ఆ ఇల్లాండ్రే తలుపులు మూసికొనియుందురు. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో సురభి కమలాబాయిగారు నటించిన పిదపగూడ మర్యాదస్థుల ఇండ్లలో ఈ సంశయము తీరలేదు.

ఇట్టి దినములలో, 1939లో, పదునాలుగేండ్లు నిండియు నిండని బాలికను వెంకటసుబ్బయ్యగారు కలకత్తాకు తోడ్కొని పోయిరి. అచటి ఈస్టిండియా ఫిలిం కంపెనీవారు సి. పుల్లయ్యగారి దర్శకత్వమున ‘వరవిక్రయము’ను చిత్రముగా తీయుచుండిరి. తండ్రి ముందుగానే ఒక నియమము పెట్టినాడు: చిత్రములో ఏ పురుషుడును తన కొమార్తెను తాకరాదు, కౌగిలింపరాదు. ఈ విషయము భానుమతిగారు స్వయముగా చెప్పుకొన్నదే. నిర్మాతలు అంగీకరించిరి. ఆ నియమము చాలకాలము చెల్లినది. నాకు ఆశ్చర్యము గొలుపునది నియమము కాదు. అది చేతులు మారిన విధము. మొదట తండ్రి తన బిడ్డకు కట్టిన కంచె అది. పోను పోను ఆ కంచెను ఆమెయే తన చేతిలోనికి తీసికొని, ఎవరు లోనికి రావలెనో, ఎంతవరకు రావలెనో తానే నిర్ణయింపసాగినది. ఆమె జీవితమంతయు ఈ మార్పునకు కథయేయని నా తలంపు.

‘వరవిక్రయము’ను వ్రాసిన కాళ్లకూరి నారాయణరావుగారు 1927లో గతించిరి. కట్నమను పేరిట వరుని సంతలో పశువువలె బేరమాడుటను ఆయన ఆ నాటకమున ఎండగట్టినారు. పురుషోత్తమరావుగారికి కాళింది, కమల అని ఇద్దరు కుమార్తెలు. తనకై తండ్రి ఆస్తినమ్ముట చూడలేక, కొనితెచ్చిన భర్తతో కాపురము చేయనొల్లక, కాళింది నూతిలో పడి ప్రాణము విడుచును. చెల్లెలు కమల అట్లు చావదు. పెండ్లియాడి, కొన్న సరకు కొన్నవారిదే గదాయని న్యాయస్థానమున వాదించి మామగారి గర్వమణచును. చిత్రములో కమలగా పుష్పవల్లిగారు, కాళిందిగా మన భానుమతిగారు నటించిరి. పిసినిగొట్టు సింగరాజు లింగరాజు వేషమును గుంటూరు మండలపు కవి, ‘సత్యహరిశ్చంద్రీయ’ కర్త, బలిజేపల్లి లక్ష్మీకాంతముగారు ధరించిరి. పద్యము చెప్పుటలో ఎంతటివారో లోభిగా కనబడుటలోను అంతటివారే.

ఇచట నా సంగతి యొకటి చెప్పక తప్పదు. నేను ఉద్యోగములో నుండగా ఒక పల్లెటూరి పాఠశాల వార్షికోత్సవమునకు ‘వరవిక్రయము’లోని కొన్ని రంగములను పిల్లలచేత ఆడించితిని. కాళింది వేషము వేయుచున్న పదవ తరగతి బాలిక, మిరప కోతకూలికి పోయివచ్చిన చేతులతోనే సంభాషణలు వల్లించెడిది. ఒకనాటి సాయంకాలము అభ్యాసము ముగిసిన పిదప ఆ పిల్ల నిలిచి, “మాస్టారూ, మీ పెళ్ళికి మీరు కట్నం తీసుకున్నారా?” అని అడిగినది. అందులో పొగరు లేదు; తెలిసికొనవలెనను కుతూహలము తప్ప మరేమియు లేదు. “ముందు నీ పాఠం చూసుకో అమ్మా” అంటిని. నా వివాహము 1985లో జరిగినది. మా మామగారు అందుకై రోడ్డుప్రక్కనున్న ఎకరము రేగడిచేనును అమ్మినారు. బేరమాడినది మా నాయనగారు. నేను ప్రక్కగదిలో కూర్చుండి భారతము చదువుకొనుచుంటిని. చదువుకొనుచుంటినను మాటయు పూర్తిగా నిజము కాదు. బేరము నా చెవిని పడుచునే యుండెను.

మన ధర్మశాస్త్రములు ఎనిమిది విధములైన వివాహములను చెప్పినవి. ద్రవ్యమిచ్చి కన్యను గొనుట ఆసురమని నిందించినవి. ద్రవ్యమిచ్చి వరుని గొనుటకు ఆ యెనిమిదింటిలో పేరే లేదు. శాస్త్రకర్తలకు తట్టని నీచమును మనము కనిపెట్టితిమి.

తెరమీద కొన్న వరుని నిరాకరించిన బాలిక తన పెండ్లి విషయమున ఏమి చేసినదో వినుడు. ‘మాలతీ మాధవము’, ‘ధర్మపత్ని’, ‘భక్తిమాల’ మున్నగు చిత్రముల తరువాత, 1943లో వచ్చిన ‘కృష్ణప్రేమ’లో నటించుచుండగా, అందు సహాయదర్శకులుగా పనిచేయుచున్న పి. ఎస్. రామకృష్ణారావుగారిని ఆమె చూచినది. ఆయనకు సంపద లేదు, పేరు లేదు. తండ్రి ఒప్పుకొనలేదు. ఆమె ఆయననే పెండ్లియాడెదనని నిశ్చయించుకొని, 1943 ఆగస్టు 8వ తేదీన ఆయనను వివాహమాడినది. ఎనిమిదింటిలో దీనిని ఏ గూటిలో పెట్టవలెనో మా గురువుగారిని అడుగవలసినది. గాంధర్వమనిన ఆయన మొగము చిట్లించుకొనియుందురు. ఏమైనను కట్నము మాట లేని పెండ్లి అది. వధువు అప్పటికి పదునెనిమిదేండ్లు నిండని పిల్ల.

పెండ్లి యైన పిదప నటన మానివేయవలెనని ఆమె తలచినది. బి. ఎన్. రెడ్డిగారు ‘స్వర్గసీమ’కై పట్టుబట్టగా, ఇది యొక్కటియే యని దంపతులు ఒప్పుకొన్నారు. 1945 నాటి ఆ చిత్రములో నాగయ్యగారు సంపాదకుడు. ఆయన సంసారమున చిచ్చుపెట్టు నాటకకత్తె ఈమె. అంతవరకు కాళిందివంటి కన్నీటి పాత్రలు ధరించిన పిల్ల ఒక్కసారిగా కొంటెచూపుతో, ఓరనవ్వుతో కనబడెను. అందులోని పావురము పాట ఆంధ్రదేశమంతట మారుమ్రోగినది. ‘బ్లడ్ అండ్ శాండ్’ అను అమెరికా చిత్రములో రీటా హేవర్తు తెరపై పాడిన తీరు తన మనస్సున నిలిచిపోయి ఆ పాటకు దారితీసినదని ఆమె చెప్పెడిది. ఆ పాటకు బాణీ కట్టినవారు ఆకాశవాణి శ్రోతలకు పరిచయము చేయనక్కరలేని బాలాంత్రపు రజనీకాంతరావుగారు. దొడ్డవరపు గొంతు, స్పెయినుదేశపు ఛాయ, రేడియో మనిషి కల్పన — ఈ మూడును కలిసి తెలుగుపాట యైనవి. ఇది యొక్కటియేయన్న చిత్రము ఆమెను ఇంట కూర్చుండనీయలేదు.

1947లో దంపతులు తమ కుమారుని పేరిట భరణీ సంస్థను నెలకొల్పిరి. ‘రత్నమాల’ మొదటిది. 1949లో ‘లైలామజ్ను’, అటుపిమ్మట ‘ప్రేమ’, ‘చక్రపాణి’, ‘విప్రనారాయణ’ వరుసగా వచ్చినవి. మదరాసులో భరణీ స్టూడియో వెలసినది. ఆమె పాటలను ఆమెయే పాడుకొనెను. ఒకరు పాడగా మరియొకరు పెదవులు కదల్చు పద్ధతి దేశమంతట స్థిరపడిన కాలముననుగూడ భానుమతి పాత్ర పాడినచో అది భానుమతి గొంతే.

1951 నాటి ‘మల్లీశ్వరి’ని గూర్చి నేను ఎంత చెప్పినను తనివి తీరదు. బి. ఎన్. రెడ్డిగారి దర్శకత్వము, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి పాటలు, సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతము. బావయైన నాగరాజుగా నందమూరి తారకరామారావుగారు. రాయలనాటి కథ. బావ వేళాకోళమునకు అన్న మాట నిజమై రాజాంతఃపురమునుండి పల్లకి వచ్చును. మల్లి తల్లి కానుకలను చూచి మురిసి కూతురిని పంపును. ఆ పల్లకీలో కూర్చున్న మల్లి మొగమును మరల చూడుడు. ఏడ్పు లేదు, కేక లేదు. తన్ను అమ్మివేసిరని తెలిసికొన్న దాని చూపు అది. కాళింది వరుని కొనుటకు బలియైన పిల్ల. మల్లి తానే అమ్ముడుపోయిన పిల్ల. పదునాలుగేండ్లప్పుడు కంఠస్థము చేసి చెప్పిన దుఃఖమును ఇరువదియాఱేండ్లకు మాట లేకుండ చెప్పగలిగినది. నేను తరగతిలో అల్లసాని పెద్దనగారి వరూధినిని చెప్పునపుడెల్ల, తుంగభద్ర యొడ్డున మల్లి అడ్డము వచ్చి నాకు మాట తడబడెడిది.

1953లో ఆమె ‘చండీరాణి’కి దర్శకత్వము వహించినది. తెలుగు, తమిళము, హిందీ మూడు భాషలలో ఒక్కసారిగా నిర్మాణము; అందు తానే ద్విపాత్రాభినయము. తమిళమున టి. పి. రాజలక్ష్మిగారు 1936లోనే ‘మిస్ కమల’ను తీసియుండిరి గాని తెలుగు చిత్రములకు దర్శకురాలైన తొలి స్త్రీ ఈమెయే. అప్పటికి ఆమెకు ఇరువదియెనిమిదేండ్లు. సెట్టుమీద పదులకొలది మగవారు ఒక యువతి ఆజ్ఞకై ఎదురుచూచుట నాటికి వింత.

ఇట్టివారికి గర్విష్ఠియను పేరు రాక మానదు. వచ్చినది. విజయావారి ‘మిస్సమ్మ’కు మొదట నాయికగా ఎన్నుకొనబడినది ఈమెయే. కొంతభాగము చిత్రీకరణము జరిగినది. ఒకనాడు ఇంట వరలక్ష్మీవ్రతము చేసికొని ఆలస్యముగా వచ్చినదని నిర్మాత చక్రపాణిగారు క్షమాపణపత్రము వ్రాసి యిమ్మనగా ఆమె వ్రాయననెను. తీసిన భాగమును ఆయన కాల్పించెనని సినిమావారు చెప్పుకొందురు. ఆ పాత్ర సావిత్రిగారికి పోయినది. 1955లో వచ్చిన ఆ చిత్రము సావిత్రి నుదుటి వ్రాతను మార్చినది. చూడుడు, చక్రపాణిగారు తెనాలి ఐతానగరమువారు, భానుమతి దొడ్డవరము, సావిత్రి చిఱ్ఱావూరు. పంతము పట్టినవాడును, పంతము విడువనిదియు, ఆ పంతమువలన పైకి వచ్చినదియు ముగ్గురును గుంటూరు మండలమువారే. కారము తిన్న నోళ్ళు! తనవలన పరిశ్రమకు ఒక గొప్పనటి లభించినదని భానుమతిగారు తరువాతి కాలమున సంతోషముతోనే చెప్పెడివారట. తమిళమున ఎం. జి. రామచంద్రన్‌గారి ‘నాడోడి మన్నన్’నుండియు ఆమె ఇట్లే మధ్యలో తప్పుకొన్నది. కథలో ఆ పాత్రను చంపివేయవలసి వచ్చినది.

ఆమె తప్పే లేదని నేననను. పదిమంది కూలీలు, దీపాలవారు, వాద్యకారులు ఎదురుచూచుచుండగా ఆలస్యము చేయుట ఉపాధ్యాయుడనైన నాకు రుచింపదు. కాని ఆలస్యముగా వచ్చిన నాయకులందరిని క్షమాపణపత్రము అడిగిరా అని తోచును.

కాళ్లకూరివారి ఋణము తీర్చుకొనుటకో యేమో, 1956లో భరణీవారు ‘చింతామణి’ని తీసిరి. దానికి నాటకమునకు వచ్చినంత పేరు రాలేదు. స్థానమువారి చింతామణిని కన్నులారా చూచినవారు అప్పటికి చాలమంది బ్రదికియుండిరి.

1966లో ‘పల్నాటియుద్ధము’ వచ్చినది. అందు ఆమె నాయకురాలు నాగమ్మ. నాకు పదియేండ్ల వయస్సున, మిరప కళ్ళములు ఎత్తిన తరువాత మా ఊరికి వచ్చిన టూరింగు టాకీసులో, నేలమీద కూర్చుండి దానిని చూచితిని. డేరాలో కారపుఘాటు ఇంక పోలేదు, సగముమంది తుమ్ముచుండిరి. మా పల్నాటి సీమలో నాగమ్మ పేరు తిట్టు. ఇంట గట్టిగా మాటాడిన పిల్లను “నాగమ్మా!” అని కసరుదురు. మా నాయనమ్మ ఆ రాత్రి నాగమ్మను తిట్టుటకే బయలుదేరినది. తెరమీద ఆ మంత్రిణి బ్రహ్మనాయుని కన్నులలోనికి చూచుచు, మాట తరువాత మాట తూచి వేయుచుండగా, నాయనమ్మ తిట్టుట మానినది. ఇంటికి పోవు దారిలో, “అది మగాడై పుడితే దాన్ని తెలివైనవాడనేవాళ్ళు” అని తనలో తాననుకొన్నది. ఆమెకు అక్షరము రాదు. నేను తరువాత శ్రీనాథుని గ్రంథముపై చదివిన విమర్శలలో ఇంతటి మాట కనబడలేదు.

ఆ 1966లోనే ఆమెకు పద్మశ్రీ వచ్చినది, 2001లో పద్మభూషణము. మదరాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు కొన్నియేండ్లు అధ్యక్షత వహించినది. ‘అమ్మాయి పెళ్ళి’, ‘మనవడి కోసం’ మున్నగు చిత్రములకు దర్శకత్వము నెరపినది. 1984లో ‘మంగమ్మగారి మనవడు’లో పెత్తనముచేయు మంగమ్మగా వచ్చి కొత్తతరమువారిని గెలుచుకొన్నది.

ఇవన్నియు ఒక యెత్తు. ఆమె ‘అత్తగారి కథలు’ ఒక యెత్తు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమానము పొందిన గ్రంథమది. మన సాహిత్యమున అత్త యనిన రాక్షసి, కోడలనిన కన్నీటిచెరువు. ఈమె అత్తగారు మడి, ఆవకాయ, అమాయకత్వము కలిసిన ముద్ద. ఆమెను చూచి కోడలు నవ్వును గాని ఆ నవ్వులో విషము లేదు. సినిమానటి వ్రాసిన పుస్తకమని చులకనగా చేతబట్టి, రాత్రి దీపమార్పక ముగించిన పండితులను ఎరుగుదును, అందు నేనొకడను. మా ఇంట ఆ పుస్తకమును మా అమ్మయు, నా భార్యయు ఒకరి తరువాత ఒకరు చదివిరి. ఎవరు ఎక్కడ నవ్విరో రెండవవారు ప్రక్కగదిలోనుండి గమనించుట నాకు తెలియును. ఆమె స్వీయచరిత్రమైన ‘నాలో నేను’కు జాతీయ చలనచిత్ర పురస్కారములలో గ్రంథబహుమానము వచ్చినది.

రామకృష్ణారావుగారు 1986లో గతించిరి. ఆమె చివరి చిత్రము 1998 నాటి ‘పెళ్ళికానుక’. 2005 డిసెంబరు 24వ తేదీన చెన్నపట్టణమున కన్నుమూసినది. అప్పుడు మా పొలములలో ప్రత్తితీతలు జరుగుచున్నవి, ఆ వార్త నేను తరగతిలో చెప్పగా పిల్లలు, “మంగమ్మగారా మాస్టారూ?” అనిరి.

ఈ ప్రసంగమును వ్రాసి ముందుగా నా భార్యకు చదివి వినిపించితిని. మేము ఒంగోలు పోవు బస్సులో, అమ్ముడైన ఆ ఎకరము వచ్చుచోట ఆమె ఎప్పుడును కిటికీవైపు తిరిగి కూర్చుండును. నలుబదియేండ్లుగా ఆ సంగతి మే మిరువురము ఎత్తలేదు. అంతయు విని, “ఏమండీ, ఆ ఎకరం మాట కూడా రేడియోలో చెబుతారా?” అని అడిగినది. చెప్పెదనంటిని. “అయితే అక్కడ ఇప్పుడు మిరపతోట ఉందని కూడా చెప్పండి. ఈ ఏడు కాపు బాగుంది” అన్నది.